బెజవాడ ఎండలో బ్రౌజర్ల పందెం

క్రోమ్ గొప్పదా, ఫైర్‌ఫాక్స్ గొప్పదా అని వాదించుకునేవాళ్లు ముందు ఒకటి చెప్పాలి: పరీక్ష పెట్టింది పొద్దున్నేనా, మిట్టమధ్యాహ్నమా?

బ్రౌజర్ల వేగం కొలిచే స్పీడోమీటర్ 3.0 మంచి పరీక్షే. 2024 మార్చిలో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా కలిసి తెచ్చాయి (పోటీదార్లంతా ఒకే తూకంరాయికి ఒప్పుకోవడమే వింత). జాబితాలో పనులు చేర్చడం, టిక్కు పెట్టడం, తీసేయడం లాంటి రోజువారీ పనులు చేయించి చూస్తుంది.

కానీ రోహిణి కార్తెలో బెజవాడ మండిపోతుంటే, వేడి పెరిగిన ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఏసీ లేని గదిలో సన్నటి ల్యాప్‌టాప్ అయితే మరీను. అప్పుడొచ్చే స్కోరులో బ్రౌజర్ వాటా ఎంతో, ఫ్యాను వాటా ఎంతో ఎవరు తేలుస్తారు?

సత్యనారాయణపురం మేడమీద గదిలో, మే నెల మధ్యాహ్నం తేలిన విజేతను నేనైతే ఒప్పుకోను. సంక్రాంతి చలిలో, మిగతా ట్యాబులన్నీ మూసి, ఛార్జర్ తగిలించి మళ్లీ పెట్టండి. అప్పుడు మాట్లాడుకుందాం.