బండి దిగే రోజు

బండెక్కడం ఒక్క పూట పని. దిగడానికే నెల పడుతుంది... అదీ మాట పడకుండా దిగాలనుకుంటే! బెజవాడ ఆటోనగర్‌లో లారీ డ్రైవర్లు పని మానుకునే తీరు చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది.

బందరు రోడ్డు పట్టుకుని పటమట దాటితే చాలు, గాలి వాసన మారిపోతుంది. గ్రీజు, కాలిన రబ్బరు, పచ్చి పెయింటు... మధ్యలో ఎక్కడో బాండీలో వేగుతున్న మిరపకాయ బజ్జీ. ఆటోనగర్ వచ్చేసిందన్నమాట. ఊళ్లో చెదురుమదురుగా ఉన్న మెకానిక్ షెడ్లను ఒకచోటికి చేర్చడానికి 1960ల్లో వెలసిన పేట ఇది. ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని బెజవాడవాళ్లు గొప్పగా చెప్పుకొంటారు. కొలిచి చూసినవాళ్లెవరో తెలీదుగానీ, మిట్టమధ్యాహ్నం ఈ కొస నుంచి ఆ కొసకు నడిచినవాళ్లెవరూ ఆ మాటతో పేచీ పెట్టుకోరు.

ఇక్కడ వీధికో విద్య. ఒకచోట కమాన్ కట్టలు కొడుతుంటారు. పక్క సందులో రేడియేటర్లకు మాట్లు వేస్తుంటారు. ఇంకో చోట ఇంజినూ చక్రాలూ తప్ప ఏమీ లేని చాసిస్ మీద చెక్కలూ రేకులూ పేర్చి నెల తిరిగేసరికి నిండు లారీని నిలబెట్టేస్తారు. వెనక తలుపు మీద తామరపువ్వు వేసే పెయింటరు, దాని కింద 'హారన్ ప్లీజ్' రాయడానికి స్కేలు వాడడు. పాత బళ్ల మీద కృష్ణా జిల్లా నంబరు ఏపీ 16 ఇంకా కనిపిస్తుంది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక ఏ బండి ఏ జిల్లాదో నంబరు చూసి చెప్పడం కష్టమైపోయిందని ఇక్కడివాళ్లకు చిన్న బాధ.

కొత్త బండి బయటికొచ్చే రోజు అందరికీ కనిపిస్తుంది. కొబ్బరికాయలు, నిమ్మకాయలు, గుమ్మడికాయ, స్వీటు ప్యాకెట్లు! కానీ అదే వీధుల్లో డ్రైవరు బండి దిగే రోజు కూడా ఉంటుంది. దానికి బాజాలుండవు. టీ కొట్టు దగ్గర 'ఫలానా ఆయన దిగిపోతున్నాడట' అని ఓ మాట. అంతే.

కాగితం లేని కొలువు

ఆఫీసు ఉద్యోగం మానాలంటే రాజీనామా రాస్తాం. నోటీసు కాలం ఉంటుంది. లారీ డ్రైవరుకు అసలు చేరేటప్పుడే కాగితం ఉండదు కదా, మానేటప్పుడు ఎక్కడినుంచి వస్తుంది? రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని 1961లోనే మోటారు రవాణా కార్మికులకు చట్టం చేశారు. అయితే అది ఐదుగురు, అంతకుమించి కార్మికులున్న సంస్థలకు. ఒకటీ రెండూ బళ్లున్న ఓనరు ఆ లెక్కలోకే రాలేదు. మనదేశంలో లారీలు ఎక్కువగా ఉన్నది అలాంటి చిన్న ఓనర్ల చేతుల్లోనే. పదిమంది పనిచేసే చోట ఐదేళ్లు నిండితే వచ్చే గ్రాట్యుటీ సంగతీ అంతే. మరి ఇరవై ఏళ్లు నడిపినవాడికి మిగిలేదేమిటి? ఓనరు నోటి నుంచి వచ్చే మాట. 'మావాడే, నికార్సైన మనిషి' అని ఫోన్లో ఒక్క ముక్క చెబితే వంద బళ్లు తలుపులు తెరుస్తాయి. 'ఆయనా... వదిలెయ్యండి' అంటే ఆటోనగర్ దాటేలోపే ఆ మాట గన్నవరం చేరిపోతుంది.

వందడుగుల రోడ్డు పక్కన ఓ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు అరుగు మీద కనిపించారు ఆ పెద్దాయన. యాభై ఏడేళ్లు. క్లీనరుగా మొదలై, ఇరవై రెండేళ్లు ఒకే ఇంటి బళ్లు నడిపారు. కైకలూరు వైపు నుంచి ఐసులో పెట్టిన చేపల లోడు హౌరాకు, సిలిగురికి, ఒక్కోసారి గువాహటి దాకా. అంటే ఒకవైపే రెండు వేల కిలోమీటర్ల పైమాట. షుగరు వచ్చింది. రాత్రిపూట ఎదురు లైట్లకు కళ్లు చెదురుతున్నాయి. ఇక చాలనుకున్నారు. పేరు రాయొద్దన్నారు. 'పేపర్లో పడితే మా బాబుగారు ఏమనుకుంటారో' అని మొహమాటం.

ఎప్పుడు చెప్పాలి?

'దారిలో మాత్రం చెప్పకూడదండీ' అన్నారాయన మొట్టమొదట. బరంపురంలోనో బాలేశ్వర్‌లోనో బండి పెట్రోలు బంకులో ఆపి, తాళం బంకువాడికిచ్చి, 'నేను రైలెక్కేస్తున్నా' అని ఫోను చేసే డ్రైవర్లు ఉంటారట. చేపల లోడైతే ఇక చెప్పేదేముంది... ఐసు కరిగిపోతుంటుంది. ఓనరు ఇక్కడినుంచి మరో డ్రైవరును రైలెక్కించి పంపేలోపు సరుకు ధర సగమవుతుంది. ఆ డ్రైవరు కోపంలో న్యాయం ఉండొచ్చు. ఆర్నెల్ల జీతం ఆపి ఉండొచ్చు. అయినా రోడ్డు మీద వదిలేసిన బండి కథే జనం చెప్పుకొంటారు తప్ప, ఆపిన జీతం కథ చెప్పుకోరు.

రెండోది సీజను. వేసవిలో నున్న మార్కెట్ నుంచి మామిడి ఉత్తరాదికి కదిలేటప్పుడు, గుంటూరు యార్డు మిర్చితో కిటకిటలాడేటప్పుడు మానేస్తానంటే ఏ ఓనరుకైనా మండుతుంది. వానాకాలం లోడ్లు తగ్గి బళ్లు నిలబడి ఉన్నప్పుడు చెబితే ఆయనే 'సరే, ఆలోచిద్దాం' అంటాడు. ఇక సంక్రాంతి! పండక్కి ఊరెళ్లి తిరిగిరాని డ్రైవరు మీద ఆటోనగర్‌లో ఉన్నన్ని జోకులు అల్లుళ్ల మీద కూడా లేవు. 'వస్తానని చెప్పి రాకపోవడం కంటే రానని చెప్పి వెళ్లడం మేలు' అని నవ్వారు పెద్దాయన.

ఆయన మాత్రం వినాయక చవితి వెళ్లాక ఓనరు ఇంటికే వెళ్లి చెప్పారు. ఆ ఓనరు తండ్రి హయాంలో చేరినవాడు కనక కుర్ర ఓనరు ఆయన్ని 'బాబాయ్' అంటాడు. ఈయనేమో 'బాబుగారూ, మీరు' అంటారు. కాఫీ వచ్చింది. తాగారు. ఇద్దరూ వర్షాల గురించి మాట్లాడుకున్నారు. డీజిల్ ధర మాట్లాడుకున్నారు. చివరికి కప్పు కింద పెట్టి 'బాబుగారూ, దసరాకు బండి పూజ చేసి ఇచ్చేస్తానండి' అన్నారట.

'అదేంటి బాబాయ్? ఎవరన్నా ఏమన్నా అన్నారా? జీతం పెంచమంటే పెంచుతాగా!'

'ఎవరూ ఏమనలేదండి. కళ్లు ఆనట్లేదు.'

'అది చెబుదురుగానీ... అవతలోళ్లు ఎంతిస్తామన్నారు?'

ఈ ఒక్క ప్రశ్న దగ్గరే చాలా సంబంధాలు చెడతాయి. ఇరవై రెండేళ్లు నమ్మినవాడిని అంతమాట అంటాడా అని ఈయనకు గుచ్చుకుంది. మారు మాట్లాడకుండా కంటి డాక్టరు చీటీ తీసి బల్ల మీద పెట్టారు. కుర్రవాడు చదివి, తల దించుకుని, 'దసరా దాకా ఉండు బాబాయ్, ఈలోపు మనిషిని చూసుకుంటా' అన్నాడు. దాదాపు నెల రోజులు. ఏ చట్టమూ పెట్టని నోటీసు కాలం!

లెక్క తేలాలి

అసలు చిక్కు లెక్కల్లో ఉంటుంది. ట్రిప్పు మొదట్లో ఓనరు దారి ఖర్చులకని డబ్బిస్తాడు. డీజిల్, బత్తా, కాటా, పంక్చర్లు, లోడింగు కూలీ, తాడు తెగితే కొత్త తాడు, పట్టా చిరిగితే కుట్టుకూలి... అన్నీ రాసుకుని తిరిగొచ్చాక అప్పజెప్పాలి. ఒకప్పుడు ఇందులో సగం గొడవ చెక్‌పోస్టులదే. ఇచ్ఛాపురం దగ్గర ఎంతిచ్చావ్, తడ దగ్గర ఎంతిచ్చావ్ అంటే రసీదు ఎక్కడుంటుంది? 2017 జులైలో జీఎస్టీ వచ్చి అమ్మకం పన్ను చెక్‌పోస్టులు పోయాయి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోలు లెక్క ఓనరు ఫోన్లోనే పడుతోంది. అనుమానాలకు చోటు తగ్గింది. కొత్తగా వచ్చిన తలనొప్పి ఈ-చలానా. ఎక్కడో కెమెరా కొట్టిన ఫొటోకు జరిమానా నెలల తర్వాత బయటపడుతుంది. అప్పుడు బండి మీద ఉన్నది ఎవరన్నది తేలాలిగా!

అన్నిటికంటే బరువైంది అడ్వాన్సు. పిల్ల పెళ్లికనో, ఇంటి స్లాబుకనో తీసుకున్న డబ్బు. అది తీరేదాకా డ్రైవరు దిగలేడు. దిగితే 'ఎగ్గొట్టాడు' అంటారు. కొత్త ఓనరు ఆ అప్పు కట్టి డ్రైవరును తీసుకెళ్లడమూ ఉంది. అలా ఒక అప్పు ఇద్దరు ముగ్గురు ఓనర్ల చేతులు మారుతూ డ్రైవరుతోపాటే తిరుగుతుంటుంది. మన పెద్దాయన రెండేళ్ల ముందు నుంచే జీతంలో కొంత విరగ్గోయించుకుంటూ వచ్చారు. అంటే కళ్ల సంగతి ఓనరుకు చెప్పకముందే దిగడం మొదలుపెట్టారన్నమాట. నా మటుకు నాకు ఆయన చేసిన పనుల్లో అన్నిటికంటే తెలివైనది ఇదే అనిపించింది.

లెక్క చూసే రోజున చిన్నవాటి దగ్గర పట్టుబట్టకూడదంటారు. నాలుగొందల పంక్చరు బిల్లు కనిపించలేదు. 'రాసుకోండి బాబుగారూ, నాదే' అన్నారు. ఆ తర్వాత రెండు ట్రిప్పుల బత్తా రావాల్సి ఉంటే మాత్రం పుస్తకం తెరిచి తేదీలతో సహా చూపించారు. అది వదల్లేదు. వదలనక్కర్లేదు కూడా.

కోర్టు కాగితం

మంచిగా దిగడం అంటే మర్యాద కోసమే అనుకుంటాం. కాదు. 2019లో ఒడిశాలో ఓ రాత్రి ఆయన బండి కిందకు మోటారుసైకిలు వచ్చింది. నడిపే మనిషి చనిపోయాడు. ఇలాంటప్పుడు నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీశాడన్న క్రిమినల్ కేసు డ్రైవరు పేరు మీదే పడుతుంది. అప్పట్లో ఐపీసీ 304-ఎ. 2024 జులై నుంచి కొత్త చట్టంలో 106వ సెక్షను. నష్టపరిహారం కేసు వేరే నడుస్తుంది. అందులో డ్రైవరు, ఓనరు, బీమా కంపెనీ ముగ్గురినీ పిలుస్తారు. వాయిదాలు ఏళ్లతరబడి. భాష తెలియదు, ఊరు తెలియదు. వకీలును పెట్టేది, రానూపోనూ ఛార్జీలిచ్చేది ఓనరే. బండి దిగినంత మాత్రాన కేసు దిగిపోదు. ఓనరుతో చెడిపోయి దిగినవాడికి ఓ రోజు ఊళ్లో పోలీసు వచ్చి వారంటు చూపిస్తాడు. పక్కన ఎవరూ ఉండరు.

ఓనరుకూ అంతే అవసరం. ప్రమాదం రోజుకు డ్రైవరు లైసెన్సు చెల్లుబాటులో లేదని తేలితే పరిహారం ఓనరు నెత్తిన పడొచ్చు. ఆ లైసెన్సు చూపించాల్సింది, జరిగింది చెప్పాల్సింది డ్రైవరే. ఒకరి ముడి ఒకరి చేతిలో ఉంది. పెద్దాయన ఓనరును అడిగింది డబ్బు కాదు... 'వాయిదాలకు పిలిచినప్పుడు వస్తాను, ఖర్చు మీరు చూసుకోవాలి' అన్న మాట. దాంతోపాటు రెండు వరుసల కాగితం. ఫలానా నంబరు బండిని ఫలానా తేదీన, ఇన్ని కిలోమీటర్ల దగ్గర అప్పగించాడు, బాకీ లేదు అని. కింద ఇద్దరి సంతకాలు. ఇరవై రెండేళ్లలో ఆయన కొలువుకు పుట్టిన మొదటి కాగితం అది. రేపు ఏ చలానా వచ్చినా, ఏ కేసు వచ్చినా, ఆ తేదీయే గోడ. మీ ఇంట్లో ఎవరైనా ఈ పనిలో ఉంటే, కారు నడిపేవాళ్లయినా సరే, ఈ ఒక్కటీ అడిగి తీసుకోమనండి.

బండి గుణం

దసరాకు ముందు చివరి ట్రిప్పు. కొత్త డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని హౌరా వెళ్లొచ్చారు. అతనిదీ అటు కైకలూరే, ముప్ఫై లోపు కుర్రాడు. 'గురువుగారూ' అంటూ అడుగుతుంటే ఈయన బండి గుణం చెప్పుకొచ్చారు. ఎడమవైపు బ్రేకు కాస్త ముందు పట్టుకుంటుంది. రెండో గేరు చలికాలం పొద్దున్నే మొండికేస్తుంది. వానలో వైపరు ఆగితే ఎక్కడ తట్టాలి. ఏ దాబాలో పడుకుంటే డీజిల్ పోదు. ఖరగ్‌పూర్ దాటాక ఏ వంపులో పశువులు అడ్డొస్తాయి. ఇవేవీ ఆర్సీలో ఉండవు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో ఉండవు. చెప్పకుండా దిగినా అడిగేవాడు లేడు.

తర్వాత షెడ్డులో అప్పగింతలు. జాకీ, వీల్ స్పానరు, స్టెప్నీ, రెండు పట్టాలు, తాళ్లు, బీమా, పర్మిట్, పొల్యూషన్ కాగితాలు. మెకానిక్ కింద పడుకుని చూసి 'బాగానే ఉంచావయ్యా' అన్నాడు. ఆటోనగర్‌లో మెకానిక్ మెచ్చుకోలంటే మామూలు విషయం కాదు.

క్లీనరు సంగతేమిటని అడిగాను. ఖర్చు తగ్గించుకోవడానికి చాలా బళ్లు క్లీనరు లేకుండానే తిరుగుతున్నాయి. ఈ బండికి ఉన్నాడు. డ్రైవరు మారితే అతని కొలువూ ఊగుతుంది. పెద్దాయన కొత్తవాడితో 'వీణ్ని ఉంచుకో, పదిహేను టైర్లు మార్చినా విసుక్కోడు' అని అప్పగించారు. ఆ మాటా అప్పగింతల్లో భాగమేనట.

ఇప్పుడొస్తున్న లారీలకు క్యాబిన్‌లో ఏసీ ఉంటోంది. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే పెద్ద బళ్లకు తప్పనిసరి చేశారు. 'నేను దిగాక చల్లబడింది చూడండి' అని నవ్వేశారాయన.

దసరా నాడు బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి పక్కన నిలిపారు. కుర్ర ఓనరు పంచె, చీర, ఓ కవరు చేతిలో పెట్టాడు. కవరు విప్పి చూసుకోలేదు. క్యాబిన్‌లోంచి ఆయన తీసుకున్నవి మూడే... దుప్పటి, స్టీలు క్యారేజీ, చిన్న పంపు స్టౌ. డాష్‌బోర్డు మీదున్న దుర్గమ్మ పటం తీసుకోలేదా అని కుర్రాడు అడిగితే, 'అమ్మ బండిది' అన్నారు. సీటు వెనక రేకు మీద మేకుతో గీసిన ఫోన్ నంబర్లు చూపించి, 'బరంపురంలో తెలుగు మెకానిక్‌ది ఇది, హౌరాలో మనోళ్లది ఇది, చెరిపెయ్యమాక' అని చెప్పి, క్యారేజీ చంకన పెట్టుకుని బందరు రోడ్డు వైపు బస్సు కోసం నడిచారు.