డొల్ల గట్టు

పిల్లలూ, "మీ ఊరేది?" అని ఎవరైనా అడిగితే మీలో చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. పుట్టింది ఒకచోట, ఒకటో తరగతి ఇంకోచోట, ఈ పత్రిక చదువుతున్నది మరోచోట. మాదీ అదే కథ. పదకొండేళ్లలో ఐదు బదిలీలు చూశాం. బీరువా, గ్యాసు పొయ్యి, పుస్తకాల పెట్టెలు ప్రతిసారీ మాతోపాటు లారీ ఎక్కుతాయి. తణుకు దగ్గరున్న మా ఎకరంన్నర చేను మాత్రం ఎక్కడికీ రాదు. దాన్ని మా పిల్లల తాతయ్యగారే చూసుకుంటారు.

ఆయన దగ్గర 15 హార్స్ పవర్ చిన్న ట్రాక్టరు ఒకటుంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. గోదావరి డెల్టాలో మడులు చిన్నవి, గట్లు సన్నవి. పెద్ద ట్రాక్టరు రెండు టన్నుల దాకా బరువుంటుంది, మడి చివర తిరిగేటప్పుడు గట్టునే తొక్కేస్తుంది. చిన్నది సుమారు 800 కిలోలే. వెనక రోటావేటరు తగిలించుకుని మూలమూలకీ వెళ్లి దున్నుతుంది. మా పిల్లలకు దానిమీద ఎక్కి కూర్చోవాలని మహా కోరిక. మడ్‌గార్డు మీద ఎవరినీ కూర్చోనివ్వకూడదన్నది తాతయ్యగారి నియమం. ఆ నియమం ఎంత మంచిదో రెండేళ్ల కిందట వేసవి సెలవుల్లో కళ్లారా చూశాం.

దాళ్వా కోతలైపోయి, కాలువలు కట్టేసిన రోజులవి. తాతయ్యగారు వేసవి దుక్కి చేస్తూ ఒక మడిలోంచి పక్క మడిలోకి గట్టు దాటిస్తున్నారు. వెనక చక్రం ఉన్నట్టుండి గట్టులోకి దిగబడిపోయింది. ట్రాక్టరు ఒక పక్కకు ఒరిగింది. గట్టు మీదున్న మేమంతా కేకలు పెట్టాం. ఆయన మాత్రం యాక్సిలరేటర్ ముట్టుకోలేదు. క్లచ్ తొక్కి, ఇంజన్ ఆపి, ఎత్తుగా ఉన్న వైపు నుంచి దిగిపోయారు. పిక్క మీద చిన్న గీత తప్ప దెబ్బేమీ తగల్లేదు. చక్రం కూరుకుపోయినప్పుడు ఇంజన్ రేజ్ చేస్తే చక్రం తిరగదు, ముందు భాగం గాల్లోకి లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. దమ్ములో ఇలా ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది.

పక్క రైతు పెద్ద ట్రాక్టరు తెచ్చి గొలుసుతో లాగాక ఆ గోతిలోకి తొంగి చూశాం. పైకి గడ్డి పట్టి గట్టిగా కనిపించే గట్టు లోపలంతా డొల్ల! ఒక దారిలోంచి ఇంకో దారి, మధ్యలో చిన్న చిన్న అరలు. ఒక అర నిండా కత్తెరతో కత్తిరించినట్టు వరి కంకులు. గట్టు తవ్వే ఈ ఎలుక పందికొక్కు జాతిదే, దానికంటే చిన్నది. మూతి పొట్టి, ఒళ్లు బలంగా ఉంటుంది. లోపలికి వెళ్లాక కన్నాన్ని మట్టితో మూసుకుంటుంది. చేలో పిలకల్ని ఏటవాలుగా కొరకడం ఒక నష్టమైతే, రాత్రికి రాత్రి కన్నాల్లోంచి మడి నీరంతా పక్కకు పోవడం ఇంకో నష్టం. ఐజ్వాల్‌లో ఉన్నప్పుడు అక్కడి పెద్దలు మౌటమ్ గురించి చెప్పేవారు. సుమారు 48 ఏళ్లకోసారి వెదుళ్లు పూసి, ఆ కాయలు తిని ఎలుకలు విపరీతంగా పెరిగి, తర్వాత పంట మీద పడతాయి. 1959లో అది కరువుకే దారితీసింది. మా గట్టును చూస్తే ఆ మాటలన్నీ గుర్తొచ్చాయి.

ఆ సాయంత్రం ఇంట్లో చర్చ ట్రాక్టరు మీంచి పొలం అమ్మడం మీదకు వెళ్లింది. "ఈ వయసులో ఆయనకి ఈ తిప్పలెందుకు? మీరా, రారు" అన్నారు బంధువులు. మేం ఏమీ అనలేకపోయాం. తాతయ్యగారే అందుకున్నారు.

"చేను ఏం చేసిందర్రా? మనవైపు ఎన్ని కన్నాలు మూసినా అటువైపు చూసేవాడు లేడు. ఊళ్లో లేనివాళ్ల గట్లలోనే ఎలుకలు కాపురం పెడతాయి."

ఆ మాట పక్క చేనువాళ్ల గురించే అన్నారు. వాళ్లు భోపాల్‌లో ఉంటారు, మాలాగే బదిలీల ఉద్యోగం. అయినా వింటున్న మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మర్నాడు భోపాల్‌కి ఫోన్ చేశాం. ఫిర్యాదులా కాకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాం. ఒక్క చేలో ఎలుకల్ని అదుపు చేస్తే పక్క చేలోంచి వారంలో మళ్లీ వచ్చేస్తాయి కాబట్టి ఇద్దరం కలిసే చెయ్యాలన్నాం. పోయిన వేసవిలో వాళ్లు పిల్లల్ని తీసుకుని నిజంగానే వచ్చారు.

పని ఇలా సాగింది. మొదటిరోజు గట్ల మీద గడ్డి చెక్కి, కనిపించిన ప్రతి కన్నాన్నీ తడిమట్టితో మూసేయాలి. రెండోరోజు తెరుచుకుని ఉన్నవాటిలోనే ఎలుకలున్నట్టు లెక్క. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, బ్రోమోడయోలిన్ 2 పాళ్లు కలిపి, కాగితం పొట్లాలు కట్టి, ఆ కన్నాల్లోకి మాత్రమే వేస్తారు. మందు పని పెద్దవాళ్లదే, పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. మట్టి పని మాత్రం పూర్తిగా పిల్లలకే వదిలేశాం. భోపాల్ పిల్లలకు తెలుగు అంతంతమాత్రం. మొదటిరోజు "బిల్, బిల్" అని అరిచినవాళ్లు రెండోరోజు పొద్దున్నే "ఇక్కడో కన్నం తెరుచుకుంది!" అని పరుగెత్తుకొచ్చారు. మా ఇద్దరిలో ఒకరు తెలుగు పాఠం చెప్పి బతికేవారే. ఆ ఒక్క మాట విన్నందుకు కలిగిన సంతోషం పరీక్ష ఫలితాలు చూసినప్పుడు కూడా కలగలేదు.

మూసినవి నలభై ఒకటి, తెరుచుకున్నవి పదిహేడు. తాతయ్యగారు డొల్ల గట్టును తవ్వించి, ఎలుకకు చోటు చాలనంత సన్నగా, తక్కువ ఎత్తులో మళ్లీ వేయించారు. ట్రాక్టరు దాటడానికి ఒకేచోట మట్టి దిమ్మిస కొట్టించి బాట చేశారు. పొలం అమ్మే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తరని మాత్రం చెప్పలేం.

ఈ వేసవికి భోపాల్ వాళ్లు రాలేరట, వాళ్లకు మళ్లీ బదిలీ అయింది. వాళ్లవైపు కన్నాలు కూడా తామే మూస్తామని మా పిల్లలు ఇప్పటినుంచే అంటున్నారు. మట్టి మాత్రం ముందురోజే తడిపి ఉంచమని తాతయ్యగారికి ఫోన్‌లో చెప్పారు.