వజీరాబాదులో యమున

క్రిందటి చలికాలంలో ఆఫీసు పనిమీద ఢిల్లీ వెళ్లాను. పని రెండు రోజుల్లో తెమిలింది. మూడవనాడు తోటి గుమాస్తాలు ఎర్రకోట చూడబోతే, నేను ఆటో మాట్లాడుకొని నగరానికి ఉత్తరాన యమున ఒడ్డునున్న వజీరాబాదుకు బయలుదేరాను. "అక్కడ ఏముందండీ, మురుగు కాలువ తప్ప?" అన్నారు వాళ్లు. నేను చూడదలచింది ఆ మురుగు కాలువనే.

వజీరాబాదులో నదికి అడ్డంగా ఆనకట్ట ఉంది. దానికి ఎగువన నీరు తోడి, శుద్ధిచేసి, నగరానికి పంపుతారు. అక్కడ నీరు నిండుగా, నిలకడగా కనిపించింది. దిగువకు నడిచేసరికి ముక్కు మూసుకోవలసివచ్చింది. నజఫ్‌గఢ్ కాలువ నల్లగా వచ్చి నదిలో కలుస్తోంది. మంచినీటికీ మురుగుకూ మధ్య దూరం బహు స్వల్పం.

1955 నవంబరులో ఆ స్వల్పదూరం కూడా లేకపోయింది. అప్పటికి ఈ ఆనకట్ట లేదు. వరదల తరువాత నది పాయ తప్పుకోగా, మురుగు ఎగదన్ని నీళ్లు తోడే చోటికే చేరింది. అధికారులు గ్రహించి క్లోరిన్ ఎక్కువ కలిపారు. టైఫాయిడ్ పెరగలేదు. జనం నిశ్చింతగా త్రాగారు. డిసెంబరు వచ్చేసరికి కళ్లు పచ్చబడడం మొదలైంది. జనవరి ముగిసేలోగా దాదాపు 29 వేలమందికి పచ్చకామెర్లు సోకాయి.

క్లోరిన్‌కు లొంగని ఆ వైరస్‌ను కనుగొన్నది 1983లో. దాని పేరు హెపటైటిస్ ఇ. మలం కలిసిన నీటితో కడుపులో ప్రవేశించి కాలేయాన్ని పట్టుకొంటుంది. పాత రక్తకణాలు నశించినప్పుడు పుట్టే పచ్చని పదార్థాన్ని పైత్యరసంతో బయటికి పంపేది కాలేయమే. అది వాస్తే ఆ పచ్చదనం రక్తంలో నిలిచిపోయి కళ్లకు ఎక్కుతుంది. నీరు త్రాగిన కొన్ని వారాలకుగాని రోగం బయటపడదు కనుక, నీటిని ఎవరూ అనుమానించరు. చాలామంది కొన్ని వారాల్లో కోలుకొంటారు. గర్భిణుల సంగతి వేరు. వారికది ప్రాణాంతకం కావచ్చునని ఢిల్లీలో డాక్టర్లు ఆనాడే గమనించారు.

మా చెల్లెలు ఎనిమిదవ నెలలో పుట్టింటికి వచ్చింది. కళ్లు పచ్చబడితే వేడి చేసిందన్నాము. పసరు పోయించాము, పథ్యం పెట్టాము. పదిరోజులు గడిచాక ఆసుపత్రికి చేర్చాము. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. ఢిల్లీ సంగతి నాకు చెప్పింది అక్కడి డాక్టరుగారే. తరువాత చూస్తే, మా వీథి కుళాయి గొట్టం మురుగు కాలువలోనుంచే పోతోంది. ఇరవై ఏళ్లుగా దాన్ని దాటుకొనే నేను ఆఫీసుకు పోయేవాణ్ణి.

వజీరాబాదు గట్టుమీద నాకు కనిపించింది మా వీథి కాలువే. ఇంట్లో గర్భిణి ఉంటే నీళ్లు తేటగా ఉన్నా సరే, మరగకాచి ఇవ్వండి. కళ్లు పచ్చబడితే పసరు కోసం తిరగక, ఆ పూటే ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. మేము పోగొట్టుకొన్న పదిరోజులు మీరు పోగొట్టుకోవద్దు.