తిప్పిపంపిన సమను

గత శ్రావణమున నొక మంగళవారమునాఁడు, కోనసీమలోని మా యింటికి రాజమహేంద్రవరపు కోర్టునుండి మా చెల్లెలి పేర రిజిస్టరు కవరు వచ్చినది. ఆమె లోపల మంగళగౌరీవ్రతము చేసికొనుచుండెను. ఆ వేళ కోర్టుకాగితము గడప దాఁటుట యశుభమని తలఁచి, ఆమెను బిలువకయే, "మాకక్కఱలేదు, తీసికొనిపొమ్ము" అంటిని. తపాలా బంట్రోతు "నిరాకరించిరి" అని వ్రాసికొని పోయెను. కవరుతోఁ గూడ వ్యాజ్యమును మరలిపోయినదనుకొంటిని.

వ్యాజ్యము మరలలేదు. నిరాకరించిన సమనును చట్టము అందినట్లే యెంచును. కొన్ని మాసములకు ఏకపక్షముగా విడాకుల డిక్రీ వెలువడెను. ప్రతివాది రాకున్నను వాది తన యారోపణమును రుజువు చేయవలెనని 1955 నాఁటి హిందూ వివాహచట్టపు 23వ సెక్షను చెప్పును. కాని బదులు చెప్పువారు లేని చోట రుజువెంత సులభమో యూహింపుఁడు.

మాకుఁ దెలియునప్పటికి డిక్రీయై మూఁడు మాసములు కావచ్చెను. 1908 నాఁటి సివిలు ప్రొసీజరు కోడు 9వ ఆర్డరు 13వ రూలు ప్రకారము, తగిన కారణము చూపినచో అట్టి డిక్రీని కోర్టు రద్దుచేయును. గడువు 30 దినములే. ఆలస్యమునకు వేఱుగా మన్నింపు వేఁడవలెను. ఈలోఁగా 90 దినముల అప్పీలు గడువు ముగిసి, భర్త మఱల పెండ్లియాడెనా, చిక్కు మఱింత బిగియును.

"కారణమేమని వ్రాయుదును?" అని వకీలుగారడిగిరి.

చెల్లెలు నా వంక చూడకయే, "అన్నయ్య నాకుఁ జెప్పలేదని వ్రాయుఁడు" అనెను.

ఇరువదియేండ్లుగా స్త్రీవిద్యనుగూర్చి యుపన్యసించినవాఁడను. ఆమె పేరిటి కవరును ఆమెకియ్యనైతిని. ఆ మాటయే నా ప్రమాణపత్రమున వ్రాసి సంతకము చేసితిని.

అర్జీ యింకను విచారణలో నున్నది. చదువరులారా, స్త్రీపేర వచ్చిన కాగితమును, అది యెట్టిదైనను, ఆమె చేతికే యిండు.