పక్క పోగు కదలకుండా

కొత్తకోట,
శనివారం రాత్రి

నాన్నా,

కర్నూలు ప్రయాణం ఇవాళ్టికి ఇక్కడ ఆగింది. దిగింది స్నేహితురాలి ఇంట్లో. ముందుగదిలో గుంట మగ్గం. వాళ్ల పెదనాన్న అద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, పడుగులో తెగిన పోగు వెతికి అతుకుతుంటే గంటసేపు చూస్తూ కూర్చున్నాను. నేను పనిచేసే లేజర్‌తోనే కళ్లద్దాలు పోగొడతారని తెలిసి ఆయన నాడె పక్కన పెట్టాడు.

"గంత ఎలుగు కొడ్తె కన్ను కాలదా బిడ్డా?"

మొన్న నువ్వూ ఇదే అడిగావు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను.

ఆర్గాన్ దేనితోనూ తేలిగ్గా కలవని వాయువు. ఫ్లోరిన్ పక్కన ఉంచి వేల వోల్టుల కరెంటు ఒక్కసారిగా దూకిస్తే రెండూ లిప్తకాలం జంటకట్టి విడిపోతాయి. విడిపోతూ 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతినిస్తాయి. అదే ఎక్సైమర్ లేజర్. సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే ఒక్కో మెరుపు ఉండేది పదో ఇరవయ్యో ముక్కలసేపు. అది అణువుల బంధాలనే తెంపుతుంది. తెగినవి వేడిని వెంటబెట్టుకుని ఎగిరిపోతాయి, పక్కకు పాకే వ్యవధి ఉండదు. మెరుపుకు పోయేది మిల్లీమీటరులో సుమారు నాలుగు వేలవ వంతు. 1981లో ఐబీఎంలో, మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ పండుగ విందులో మిగిలిన టర్కీకోడి మాంసం మీద ఇది చూశారు. కోసిన అంచు మాడలేదు! ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

"పక్క పోగు కదలకుంట ఒక్క పోగే తీసినట్టు" అన్నాడు పెద్దాయన.

కర్నూలు,
ఆదివారం

నాన్నా,

బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటుతుంటే మిగతా సగం రాయాలనిపించింది. నా పని ఆ కాంతి నడిచే దారి. మామూలు గాజు దాన్ని మింగేస్తుంది. ఫ్యూజ్డ్ సిలికా, కాల్షియం ఫ్లోరైడ్ కటకాలు కావాలి. సిలికా కూడా కోట్ల మెరుపులు తిన్నాక లోలోపల కుదించుకుపోతుంది. కిరణం కూడా అంతటా ఒకే తీరుగా ఉండదు. చిన్నచిన్న కటకాల వరుసతో ముక్కలు చేసి, వాటిని ఒకదానిమీదొకటి పరిచి సమం చేస్తాం. కంటిమీద ఎగుడుదిగుడు పడితే చూపే చెడుతుంది.

పెద్దాయనకు నిజం చెప్పాను. వయసుతో బిగిసేది కంటి లోపలి కటకం, ఈ లేజర్ చెక్కేది పైనున్న కార్నియాను. ఆయన మనవరాలికి మాత్రం మైనస్ ఆరు. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ముందు కార్నియా మందం కొలిపించమన్నాను. బుధవారం వస్తారు, మనింట్లోనే దిగమన్నాను. అమ్మకు చెప్పు.