కొత్త ఇంజనుకు పది గంటలు



మొన్న మా పూరీ పెంటకోట ఒడ్డున కొత్త ఇంజను దించాం. నాలుగిళ్ల వాళ్లం కలిసి అప్పు చేసి కొన్న 9.9 హార్స్‌పవర్ టూస్ట్రోక్ ఇంజను. పసుపు రాశాం, కొబ్బరికాయ కొట్టాం, గంగమ్మకు దండం పెట్టుకున్నాం. ఇంతవరకు అందరూ చేసేదే. ఆ తరువాతి పది గంటల గురించే ఈ పోస్టు.

పాత ఇంజనును చంపింది మేమే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. తెచ్చిన రోజే పక్క బోటుతో పందెం వేసుకుని ఫుల్ రేసు ఇచ్చాం. ఏడాది తిరక్కుండానే నడిసముద్రంలో పిస్టన్ పట్టేసింది. వేరే బోటు వాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. ఇంజను మంచిది కాదని ఊరంతా చెప్పుకున్నాం. విప్పి చూసిన మెకానిక్ సిలిండరు మీద గీతలు చూపించి, "మొదటి వారం ఎలా నడిపారు?" అన్నాడు. ఒక్కడూ నోరెత్తలేదు.

కొత్త ఇంజనులో పిస్టన్ రింగులూ సిలిండరు గోడా ఇంకా కుదురుకుని ఉండవు. మెల్లగా రాసుకుని సర్దుకోవాలి. అందుకని మొదటి పది గంటలు నూనె రెట్టింపు. 20 లీటర్ల పెట్రోలుకు మామూలుగా 400 మిల్లీలీటర్లయితే ఇప్పుడు 800 (ఇది మా ఇంజను లెక్క, మీ పుస్తకం మీరు చూసుకోండి). పొగ ఎక్కువ వస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది, కంగారు పడొద్దు. గేరు వేసి మొదటి 10 నిమిషాలు నత్తనడక. గంట నిండేదాకా సగం రేసు దాటకూడదు. రెండో గంటలో ముప్పావు దాకా, మధ్యమధ్య ఒక్క నిమిషం ఫుల్. తరువాత 8 గంటలు ఫుల్ రేసు ఒక్కసారికి 5 నిమిషాలు మించకూడదు. పక్కనుంచి నీళ్ల ధార వస్తోందా లేదా అని ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచాలి. అది ఆగిందంటే ఇంజను ఆపేయాల్సిందే.

పుస్తకం రాసినవాళ్లు మా ఒడ్డు చూడలేదు. మాకు జెట్టీ లేదు, ఇసుక మీదనుంచి తోసుకోవాల్సిందే. కెరటం విరిగేచోటు దాటడానికి అందరం ఇచ్చేది ఫుల్ రేసే. నత్తనడకన వెళ్తే బోటు అడ్డం తిరుగుతుంది, బోల్తా పడుతుంది. ఇంజనును కాపాడాలా, మనుషుల్నా?

రెండు రోజులు వాదులాడుకున్నాక మా పెద్దమావ అడిగాడు: "తెడ్లు నేవా ఏటి?"

ఉన్నాయి. పట్టడం వచ్చినవాళ్లే లేరు. తెప్పల మీద పెరిగిన ముగ్గురు ముసలాళ్లు వచ్చి కుర్రాళ్లకు మూడు రోజులు ఒడ్డునే నేర్పారు. గాలి పడిపోయిన ఒక తెల్లవారుజామున ఇంజను పైకెత్తి, తెడ్లతోనే కెరటం దాటాం. పెద్దమావ కెరటాలు లెక్కపెడుతూ "ఇప్పుడు!" అన్నప్పుడే వేశాం. అరచేతులు బొబ్బలెక్కాయి. అవతలికి వెళ్లాకే ఇంజను దించి తాడు లాగాం.

తిరుగు ప్రయాణంలో, రెండో గంట చివర్న, వెనకనుంచి పెద్ద కెరటం లేచింది. ఇంజను దగ్గరున్న మా మేనల్లుడు ఆలోచించకుండా ఫుల్ రేసు ఇచ్చేశాడు. ఒడ్డెక్కాక తిడతామని భయపడ్డాడు. ఎందుకు తిడతాం? అరనిమిషం కూడా కాలేదు, పైగా ముందు మనుషులు.

పది గంటలు నిండాయి. బోల్టులు బిగించాం. గేరు ఆయిల్ మార్చినప్పుడు పాలలా తెల్లబడలేదు, అంటే లోపలికి నీరు చేరలేదు. రోజూ మంచినీళ్లతో కడుగుతున్నాం.

సంఘానికి ఒక మాట. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఒడియా బడిలో చదివే మా పిల్ల చదివి మాకు తెలుగులో చెప్పింది. ఆ జాగ్రత్తలన్నీ కాగితం మీద రాయమంటే తెలుగు మాటల్ని ఒడియా అక్షరాల్లో రాసింది. మా కుర్రాళ్లు చదవగలిగేది అదే. సంఘం గోడకు అదే అంటించాం. పక్కన తెలుగు అక్షరాల్లో కూడా ఒకటి పెట్టాలని ఉంది, రాయగలిగినవాళ్లు ముందుకు రండి. నూనె కొలిచే గ్లాసు మా ఇంట్లో ఉంది, కొత్త ఇంజను తెచ్చినవాళ్లు వచ్చి పట్టుకెళ్లండి.