ఊరికి పోయిన బంతి మొక్క

నాకు మొక్కల మీద పెద్ద సరదా ఏమీ ఉండేది కాదు. తులసి కోట తప్ప మా ఇంట్లో ఇంకో కుండీ లేదు. 2023 జూన్‌లో ఒకరోజు పోపు డబ్బాల అర సర్దుతుంటే వెనకాల ఒక న్యూస్ పేపర్ పొట్లం దొరికింది. విప్పితే బంతి గింజలు. నల్లగా, సన్నగా, కొసన తెల్లటి తోకలతో.

మా బాపు కట్టిన పొట్లం అది. అంతకుముందు దసరాకు పరకాల దగ్గరున్న మా ఊరి నుంచి సంచి నిండా బంతిపూలు తెచ్చాడు. పండగయ్యాక గుమ్మానికున్న దండ ఎండిపోతే నేను పారేయబోయాను. ఆయన తీసుకుని, ఒక్కో పువ్వూ విప్పి, గింజలు రాల్చి పొట్లం కట్టాడు. "మృగశిర చొచ్చినంక ఏసుకోండ్రి. బతుకమ్మ నాటికి పూస్తయ్" అన్నాడు. ఫిబ్రవరిలో ఆయన పోయాడు. పొట్లం సంగతి నాకు గుర్తే లేదు.

అప్పటికి మా పాపకు నాలుగేళ్లు. బాపు నెలలో పది రోజులు హన్మకొండలో మా దగ్గరే ఉండేవాడు. వాళ్లిద్దరిదీ ఒక లోకం. ఆయన పోయినప్పుడు పాపను మా ఆడపడుచు ఇంట్లో ఉంచాం. తిరిగొచ్చాక "తాతేడి?" అని అడిగితే "ఊరికి పోయిండు బిడ్డా" అన్నాను. ఎప్పుడూ పోయేవాడే కదా, నమ్మింది. మనలో చాలామందిమి ఇదే చేస్తాం. ఇంకాస్త పెద్దయ్యాక చెప్పొచ్చులే అనుకుంటాం.

ఆ ఏడు మృగశిర కార్తె అంతా ఎండలోనే గడిచింది. జూన్ చివర్లో చినుకులు పడ్డాక నేనూ పాపా డాబా మీద పని మొదలుపెట్టాం. ఇంటికి రంగులు వేసినప్పటి పెయింటు డబ్బాలు మూడున్నాయి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపాం. కలిపింది అంటే పాపే, మోచేతుల దాకా. గింజలు సగం మాత్రమే వేశాం. బంతి గింజలు లోతుగా పాతకూడదు. పైపైన చల్లి, వేలెడు కూడా కాదు, పల్చగా మట్టి కప్పితే చాలు. "దుప్పటి కప్పినం" అంది పాప. తన డబ్బాలో గుర్తుకు ఒక ఐస్‌క్రీం పుల్ల గుచ్చుకుంది.

అయిదో రోజుకు మొలకలొచ్చాయి. ఇక పొద్దున లేస్తే డాబా మీదికే. పాప మొక్కకు ఒక ఆకును మిడత కొరికింది. దానికి ఎన్ని పరామర్శలో! తల తుంచితే పక్క కొమ్మలొచ్చి ఎక్కువ పూస్తుందని నేను గోరు పెట్టబోతే చెయ్యి పట్టుకుంది. "నొప్పి పెడ్తది" అని.

జూలై చివరి వారం వాన మన వైపు ఎవరమూ మర్చిపోలేం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 65 సెంటీమీటర్ల దాకా పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. వరంగల్‌లో ఎన్నో కాలనీలు నీళ్లలో ఉన్నాయి. 29న భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మాది మొదటి అంతస్తు, ఇంట్లోకి నీళ్లు రాలేదు. కరెంటు లేక, తెలిసినవాళ్లకు ఫోన్లు కలవక ఆ రెండు మూడు రోజులూ డాబా గురించి ఎవరు ఆలోచిస్తారు?

తెరిపిచ్చాక పైకి వెళ్తే మూడు డబ్బాలూ అంచు దాకా నిండి ఉన్నాయి. మొక్కలు పసుపు పచ్చగా వాలిపోయాయి. పట్టుకుంటే కాడ మెత్తగా ఊడి చేతికొచ్చింది. డబ్బాకు అడుగున రెండేసి చిల్లులే పెట్టాను, అవీ మట్టితో మూసుకుపోయాయి. అంతకంటే పెద్ద వానకు నేలలో ఉన్న మొక్కలు కొన్ని బతికాయి. మావాటిని చంపింది వాన కాదు, నా బద్ధకం.

పాప చూస్తే ఏడుస్తుందని అవి పీకి డాబా మూలన పడేశాను. రెండు రోజులకు తోపుడు బండి మీద మొక్కలమ్మే అతను వస్తే మూడు బంతి మొక్కలు కొన్నాను. పాప నిద్రపోయినప్పుడు నాటి, ఐస్‌క్రీం పుల్ల కూడా ఎక్కడిదక్కడే గుచ్చాను.

పొద్దున పాప వెళ్లి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది నాది కాదు."

"నీదే బిడ్డా. వానకు పెద్దగైంది."

"మరి మిడత కొరికిన ఆకేది?"

నా దగ్గర జవాబు లేదు. అది నా మొహంలోకి చూసి, "నాది తాత లెక్క ఊరికి పోయిందా?" అంది.

అంత చిన్నపిల్ల ఇన్ని నెలలుగా ఏం అనుకుంటుందో నాకు తెలియదని అప్పుడు తెలిసింది. ఊరికి పోవడం అంటే ఇక రాకపోవడం అని దానికి ఎప్పుడో అర్థమైంది. అబద్ధం చెప్తున్నానని తెలిసి కూడా నన్ను అడగకుండా ఊరుకుంది.

డాబా మూలకు తీసుకెళ్లి పాత మొక్క చూపించాను. వేర్లు నల్లబడి ఉన్నాయి. "ఇదే నీది. చచ్చిపోయింది. నీళ్లెక్కువై వేర్లు కుళ్లిపోయినయ్. డబ్బాకు చిల్లులు సరిగ పెట్టలె. తప్పు నాదే."

"మళ్ల లేవదా?"

"లేవది."

"తాత?"

"తాత గూడ రాడు బిడ్డా. తాత చచ్చిపోయిండు."

"తాతకు గూడ నీళ్లెక్కువైనయా?"

"లేదు. తాత గుండె ఆగిపోయింది."

అది ఏడవలేదు. నేనే ఏడ్చాను. బాపు పోయిన రోజు కూడా పనుల్లో పడి అంతగా ఏడవలేదు నేను.

నిజం చెప్పాక అంతా తేలికైపోయిందని మాత్రం అనను. వారం పది రోజులు పాప రాత్రి లేచి నా ఛాతీ మీద చెవి పెట్టి వినేది. "పసిదానికి గివన్ని ఎందుకు చెప్తవ్?" అని అత్తమ్మ కోప్పడింది. ఆమెకు ఏం చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు. కానీ ఒక మార్పు వచ్చింది. అంతవరకు ఇంట్లో తాత మాటే ఎత్తని పిల్ల, ఆయన మీసం గురించి, జేబులోని పల్లీపట్టి గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. నేనూ మాట్లాడాను.

ఆగస్టు మొదట్లో మిగిలిన గింజలు వేశాం. ఈసారి ఇనుప చువ్వ కాల్చి డబ్బాకు ఆరేసి చిల్లులు పెట్టాను. చిల్లుల మీద పెంకులు పరిచి, పైన మట్టి పోశాం. కొన్నే మొలిచాయి. నాలుగు నిలబడ్డాయి. నెల దాటాక తల తుంచుతానంటే పాప కాసేపు ఆలోచించి, తనే తుంచింది.

సంవత్సరీకం కాలేదు కాబట్టి పుట్టింట్లో పండగ లేదు. అత్తింటికి ఆ పట్టింపు లేదని అత్తమ్మే ముందుండి బతుకమ్మ పేర్చింది. అక్టోబర్ 14న ఎంగిలిపూల నాటికి మావన్నీ మొగ్గలే. 22న సద్దుల బతుకమ్మకు ఆరు పూలు విచ్చాయి. బజారు నుంచి తెచ్చిన తంగేడు, గునుగు, బంతి రాశి ముందు ఆరు పూలు ఏపాటి? పాప అయిదు కోసి, ఆరోది కొయ్యనివ్వలేదు. "గింజలకు" అంది.

పద్మాక్షి గుండంలో బతుకమ్మను వదిలాక నా కొంగు పట్టుకుని నీళ్ల వైపే చూస్తూ నిలబడింది. "అవి ఇగ రావు గదా?" అంది.

"రావు."

"ఇంటికాడ ఒకటుంది."

ఆ పువ్వు మొక్క మీదే ఎండాక ఇద్దరం విప్పాం. న్యూస్ పేపర్‌లో పొట్లం కట్టి పోపు డబ్బాల వెనక పెట్టాం. మరుసటి ఏడు మృగశిరకు అవే వేశాం. గింజలు వేసే ముందు డబ్బా బోర్లించి చిల్లులు లెక్కపెట్టే పని పాపది. ఆరూ ఉంటేనే నన్ను మట్టి పోయనిస్తుంది.